ఎంటిటీ యనఁగా నేమి?

ప్రశ్న: ఇంటి పరికరములను నడుపు హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేరును అమర్చుకొంటిని. డివైస్, ఎంటిటీ, ఇంటిగ్రేషన్ అను వీని భేదము మా నాన్నగారి కెట్లు బోధపఱుపవలెను?

జవాబు: ఒక్క స్మార్ట్ ప్లగ్గును చేతఁబట్టి చూపుఁడు. ఆ ప్లగ్గు డివైస్. దాని మీటయు, అది కొలుచు విద్యుత్తును వేర్వేఱు ఎంటిటీలు. దానితో సాఫ్ట్‌వేరునకు సంబంధము కల్పించునది ఇంటిగ్రేషన్. వీనిలో ఎంటిటీ యను తత్త్వశాస్త్రపు పేరే క్రొత్తవారిని బెదరించునది. నాన్నగారితో "మీట", "కొలత" యనియే చెప్పుఁడు. దీపము వెలిగించుటను సైతము "సర్వీసు" అనుచుండిన హోమ్ అసిస్టెంట్ నిర్మాతలే 2024 ఆగస్టు విడుదలలో దానిని "యాక్షన్" అని మార్చిరి గనుక, పాత పాఠములలో సర్వీసు కనఁబడినచో యాక్షనే యని గ్రహింపుఁడు. తెరమీఁద "స్విచ్ 3" అనుటకు మాఱుగా "పెరటి మోటారు" అని వ్రాయుఁడు. పేరు మార్చినంతమాత్రాన ఆటోమేషన్లు (తమంతఁ దాము జరుగునట్లు ఏర్పఱచిన పనులు) చెడవు, సాఫ్ట్‌వేరు లోలోపల గుర్తుగా వాడు ఎంటిటీ ఐడీని మార్చినప్పుడు మాత్రము వానిని సరిచూచుకొనవలెను.