మరకా? గాయమా? ఇంటి బండ నేర్పే సైన్స్ పాఠం



ఈ నెల ఇంటి పాఠానికి కొత్త పుస్తకం, కిట్ ఏమీ కొనక్కర్లేదు. మీ ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండ చాలు. మన ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీ మోత వినకుండా పెరిగే పిల్లలు తక్కువ. కానీ ఇంట్లో ఆ బండ మీద మచ్చ పడితే ఏం చేయాలో పెద్దవాళ్లకే సరిగా తెలియదు. అందుకు నేనే ఉదాహరణ.

ఒక ఆదివారం మా అమ్మాయి వంటగదిలో నిమ్మరసం ఒలకబోసింది. తుడిచేసరికి అక్కడ అరచేయంత మచ్చ తేలింది. ముందు పాపను కేకలేశాను. తర్వాత సబ్బుతో రుద్దాను, పోలేదు. బాత్రూం కడిగే యాసిడ్ కొంచెం పోశాను. బుసబుసా నురగ వచ్చింది. మురికి వదులుతోందని సంతోషించాను. ఆరాక చూస్తే అరచేయంత మచ్చ అన్నం పళ్లెమంత అయింది! అప్పుడు పాప అడిగింది: "నాన్నా, అది మురికైతే తడిగా ఉన్నప్పుడు ఎందుకు కనపడటం లేదు?"

నేను అడగాల్సిన ప్రశ్న అది. రిపేరుకు దిగే ముందు "ఇక్కడ అసలు ఏం జరిగింది?" అని ఆలోచించకపోవడమే నా తప్పు.

బండలో ఏముంది?

మన బండ సున్నపురాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. దానికి ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, మిగిలింది నీళ్లలో కరిగిపోతుంది. నేను చూసిన నురగ అదే. పదో తరగతి సైన్స్ పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో పిల్లలు చదివేదీ ఇదే. అంటే బండ మీద మురికి చేరలేదు. బండే కొంచెం తరిగింది. నునుపు పోయిన చోట వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి మెరుపు కనపడదు. నీళ్లు పోస్తే ఆ గరుకు నిండి మచ్చ మాయమైనట్టు ఉంటుంది. ఆరగానే మళ్లీ కనిపిస్తుంది.

ఇదే రసాయన క్రియ మన చుట్టుపక్కల గుహలను తొలిచింది. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు బలహీనమైన ఆమ్లంగా మారి, యుగాల తరబడి సున్నపురాయిని కరిగిస్తూ వచ్చింది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు, మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు అలా ఏర్పడినవే. బిల్లసర్గంలో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు చేపడితే, ఆ పనిని ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. తండ్రీబిడ్డలు కలిసి ఒక ప్రశ్న వెంట పడటం మన ఊరికి కొత్త కాదు.

ముందు పరీక్ష, తర్వాతే రిపేరు

మచ్చ కనపడగానే ఏదో ఒకటి పోయకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ నాలుగింటిలో ఏదో తేల్చండి.

1. తడిపితే మాయమై, ఆరాక వస్తోందా? టార్చ్‌లైటును నేలకు ఆనించి పక్కనుంచి చూస్తే మెరుపు లేని చోటు స్పష్టంగా కనిపిస్తుంది. ఇది ఆమ్లం చేసిన గాయం. సబ్బుతో పోదు.

2. తడిపినా, ఆరినా చుట్టూ ఉన్న రంగు కంటే ముదురుగానే ఉందా? నూనె ఇంకి ఉండవచ్చు. వంటసోడాను నీళ్లతో ముద్దగా కలిపి మందంగా పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత మెత్తగా తీసి తుడవండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయండి.

3. తెల్లటి పొడి తేలుతోందా? కింది నుంచి చెమ్మ లవణాలను పైకి తెస్తోంది. పొడిని పొడి బ్రష్‌తో ఊడ్చి, అక్కడ ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఆగండి. కాగితం లోపలి వైపు తడి చేరితే కిందనే చెమ్మ ఉంది. పైపు కారుతోందేమో చూడాలి. అది ఆపకుండా ఎన్నిసార్లు తుడిచినా పొడి మళ్లీ వస్తుంది.

4. బండ కదులుతోందా? చెక్క గరిటెతో తట్టి, పక్క బండ శబ్దంతో పోల్చండి. డొల్లగా మోగితే కింద సిమెంట్ పట్టు వదిలింది. ఇది మేస్త్రీ పని.

చేసి చూడండి

పగిలిన పాలిష్ బండ ముక్క ఒకటి తెచ్చుకోండి. దాని మీద పెన్సిల్‌తో నాలుగు గళ్లు గీయించండి. ఒక్కో గడిలో ఒక్కో చుక్క: మంచినీళ్లు, సబ్బు నీళ్లు, చింతపండు రసం, నిమ్మరసం. చుక్కలన్నీ ఒకే సైజు, సమయం అన్నింటికీ పది నిమిషాలు. మారేది ద్రవం ఒక్కటే. ఏది మచ్చ చేస్తుందో పిల్లలు ముందే ఊహించి రాయాలి. తర్వాత కడిగి, ఆరబెట్టి, టార్చ్‌లైటుతో చూడాలి. ఊహ తప్పినా కొట్టేయనివ్వకండి. పక్కనే అసలు ఫలితం రాయించండి.

ఇప్పుడు రిపేరు. పెయింట్ల షాపులో 400, 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు దొరుకుతాయి. మచ్చను బాగా తడిపి, 400తో మొదలుపెట్టి వరుసగా పైనంబరుకు వెళ్లండి. ప్రతి నంబరు తర్వాత కడిగి చూడాలి. ముందు కాగితం గీతలు పోయాకే తర్వాతిది తీయండి. ముక్క మీద చేయి కుదిరాక, మంచం కింద ఒక మూల చేసి, ఆ తర్వాతే అసలు మచ్చ జోలికి వెళ్లండి. చేత్తో రుద్దితే మిషన్ పాలిష్ అంత మెరుపు రాదు, కానీ మచ్చ బాగా తగ్గుతుంది. మచ్చ లోతుగా ఉంటే పాలిష్ మిషన్ అతన్నే పిలవండి.

ఇవి మాత్రం వద్దు

యాసిడ్ సీసా పిల్లల చేతికి ఇవ్వకండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. వాటి నుంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బండను పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు.

మా వంటగది మచ్చ నేనూ మా అమ్మాయీ రెండు ఆదివారాలు కూర్చుంటే చాలావరకు పోయింది. టార్చ్‌లైటుతో చూస్తే ఇప్పటికీ కొంచెం తెలుస్తుంది. కేకలేసినందుకు ఆ పని మధ్యలోనే పాపకు సారీ చెప్పాను. "మరి యాసిడ్ పోసింది ఎవరు?" అని నవ్వింది.

ఈ సెలవు రోజు మీరూ చేసి చూడండి. పిల్లలు రాసుకున్న ఊహ, ఫలితం ఉన్న కాగితాన్ని సోమవారం సైన్స్ టీచర్‌కు చూపించమనండి. ఊహ తప్పిన కాగితాలనూ తప్పకుండా పంపండి. క్లాసులో మొదట చర్చించేది వాటినే.