సైకస్ మొక్కకు చలినుండి రక్ష

తోటలలో అందమునకై పెంచు సైకస్ సిర్సినాలిస్ అను మొక్క పడమటి కనుమలకు చెందినది. చూపునకు ఈతచెట్టువలె నుండును గాని ఆ జాతిలోనిది కాదు. వెచ్చని నేలలయందు పుట్టినదగుటచే గడ్డకట్టు మంచును ఓర్వజాలదు. లంబసింగివంటి మన్యపు చోట్ల ధనుర్మాసమున చలి సున్న డిగ్రీల చేరువకు దిగుచుండును గనుక, అచ్చట దీనిని పెంచువారు ముందుగనే జాగ్రత్తపడవలెను.

ఆకులు మాడినను మరల క్రొత్తవి వచ్చును. కాండము కొననున్న మొవ్వు చచ్చెనేని పెక్కేండ్ల పెంపకము వ్యర్థమగును. కావున మొవ్వును కాపాడుటయే ముఖ్యము.

మబ్బులేక, గాలి కదలని రాత్రులే ప్రమాదకరములు. అప్పుడు భూమిలోని వేడి పైకి పోవును. చల్లని గాలి పల్లమునకు చేరును. అందుచే మొక్కను పల్లమున నాటరాదు. ఉదయముననే మొదట తడి పెట్టిన యెడల నేల పగటి వేడిని ఎక్కువగ నిలుపుకొనును. మొవ్వులో మాత్రము నీరు నిలువనీయరాదు. సాయంకాలమున మొవ్వుపై ఎండుగడ్డి వదులుగ కప్పి, చుట్టును నాలుగు కర్రలు పాతి, వానిపై గోనెపట్టాను నేలదాక దించవలెను. పట్టా ఆకులకు తగులరాదు. ఎండ రాగానే తీసివేయవలెను.

మాడిన ఆకులను వెంటనే కోయరాదు. అవియే మొవ్వునకు కప్పు. నేనొకప్పుడు తొందరపడి కోయించి, తరువాతి మంచులో మొక్కనే పోగొట్టుకొంటిని. చలి పూర్తిగ పోయిన పిమ్మట కోసి, పశువులకు అందని చోట పారవేయుడు. ఈ మొక్క, అందును ముఖ్యముగ గింజలు, విషము.

ఒక గోనెపట్టాకు వెనుదీసి ఏండ్ల కష్టమును పోగొట్టుకొనవలదు.