చేవ్రాలు – సాక్ష్యము

2005వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన విశాఖపట్టణమున మధురవాడ క్రీడాస్థలమందు భారత, పాకిస్తాను జట్లకు క్రికెట్టు పోటీ జరిగెను. ఆనాడు మహేంద్రసింగ్ ధోనీ 123 బంతులలో 148 పరుగులు చేసి, అంతర్జాతీయ పోటీలలో తన తొలి శతకమును సాధించెను. అట్టి దినమునకు గుర్తుగా ఆ ఆటగాని చేవ్రాలుగల బ్యాటు దొరకినచో పదిలపరచుకొనవలెనని ఎవరికుండదు?

ఆ కోరికయే మోసగానికి పెట్టుబడి. అమెరికాలో 1990వ దశకమున ఎఫ్.బి.ఐ. అను నేరపరిశోధక సంస్థ ఆరంభించిన దర్యాప్తులో, ప్రసిద్ధ క్రీడాకారుల చేవ్రాళ్లను దొంగగా వ్రాసి అమ్ముచున్న ముఠా బయటపడెను. వారిచ్చిన ధ్రువపత్రములును కల్లలే! ధ్రువపత్రమును కాగితమే గదా. దానినిచ్చినవాడు నమ్మదగినవాడా యన్నదే ప్రశ్న.

అందువలన 2001 నుండి అచటి బేస్‌బాల్ సంఘమువారు ఆటస్థలమందే సాక్షులను నియమించిరి. వారు కన్నులార చూచిన వస్తువునకే సంఖ్యగల ముద్ర నంటించి, వివరములు నమోదు చేయుదురు.

విశాఖ రేవునకు వచ్చిన సరకు, ఎచటినుండి ఎవరిపేర వచ్చినదో తెలుపు పత్రములు లేనిదే విడుదల కాదు. జ్ఞాపికకును అట్టి చరిత్ర యుండవలెను. అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలియనిచో, చేవ్రాలు ఎంత అందముగానున్నను నమ్మరాదు.

తన యొద్దనున్నది నకిలీయని తెలిసినవాడు దానిని మరొకరికి అమ్మి నష్టము తీర్చుకొనరాదు. తెలియక మోసపోవుట నష్టము. తెలిసి మోసగించుట దోషము.