మెదడులోని దూతలు

సంధ్యవేళ పొలమునుండి ఇంటికి వచ్చుచున్న రైతు దారిలో వంకరగా పడియున్న త్రాటిని చూచి పామని భ్రమించును. తక్షణమే గుండె దడదడ కొట్టుకొనును, నోరెండిపోవును, చేతులు వణకును. ఎవరో దీపము తెచ్చి చూపగా అది త్రాడేయని తెలియును. భయకారణము తొలగినది, కాని వణకు మాత్రము కొంతసేపు తగ్గదు. ఎందువలన? భయపడినప్పుడు మూత్రపిండములపైనున్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను రసము రక్తములో కలియును. దాని ప్రభావము తీరువఱకు దేహము తెలివి చెప్పిన మాట వినదు.

ఇట్టి రసాయన ద్రవ్యములు మెదడునందును పెక్కు కలవు. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. కణమునకును కణమునకును నడుమ మిక్కిలి సన్నని సందు కలదు. వార్త ఆ సందును దాటుట ఎట్లు? విద్యుత్తువలననే యని కొందఱును, రసాయనములవలన నని కొందఱును చిరకాలము వాదించిరి.

ఆస్ట్రియా దేశమునందలి గ్రాట్స్ నగరమున ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడుండెను. ఒకనాటి రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగము తోచెను. లేచి కాగితముపై గీచుకొనెను. కాని తెల్లవారిన పిమ్మట తన వ్రాత తనకే తెలియదాయెను. మఱునాటి రాత్రి అదే కల మరల వచ్చెను. ఈమాఱు ఆయన ఆలసింపక ప్రయోగశాలకు పోయెను. రెండు కప్పల గుండెలను ఉప్పునీటిలో నుంచి, మొదటిదాని నాడిని విద్యుత్తుతో ప్రేరేపించెను. ఆ గుండె మందగించెను. దాని చుట్టునున్న నీటిని రెండవ గుండెపై పోయగా, నాడి తాకకయే అదియు మందగించెను! నాడి ఏదో ద్రవ్యమును విడిచినదని తేలెను. ఈ ఫలితము 1921లో వెలువడెను. ఆ ద్రవ్యము అసిటైల్‌కోలిన్ అని తరువాత నిర్ణయమయ్యెను. లోవీకిని, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడగు హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించెను.

గుండెకు చెల్లినది మెదడునకును చెల్లునా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటలో మనదేశపు మూలిక యొకటి తోడ్పడెను. సర్పగంధ వేరును మన వైద్యులు తరతరములుగా ఉన్మాదమునకు వాడుచుండిరి. 1952లో స్విట్జర్లాండునందు దాని సారమగు రిసర్పిన్‌ను వేఱుచేసిరి. స్వీడను దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ మందును కుందేళ్లకిచ్చెను. అవి చెవులు వ్రేలవైచి కదలక మెదలక పడియుండెను. పిమ్మట డోపా యను ద్రవ్యమును సూదితో ఎక్కించగా కొద్దిసేపటిలోనే లేచి తిరుగసాగెను. డోపా మెదడులో డోపమైన్‌గా మారును. ఆ డోపమైన్ కొఱవడుటయే కుందేళ్ల జడత్వమునకు కారణమని తెలిసెను. ఇది 1957 నాటి మాట. మన చేలగట్లమీద పెరుగు దూలగొండి గింజలలో ఈ డోపా యుండుట విశేషము.

చేతులు వణకుచు, అడుగు కదలక, ముఖమున భావము తోపక బాధపడు రోగమును లండను వైద్యుడగు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లోనే వర్ణించియుండెను. ఈ రోగముతో మరణించినవారి మెదళ్లలో డోపమైన్ చాల తక్కువగా నున్నదని వియన్నా నగరమున హార్నికీవిచ్ 1960లో చూపెను. మరుసటి సంవత్సరము డోపా ఎక్కించగా, మంచమునుండి లేవలేని రోగులు లేచి నడచిరి. ఆ మందు రోగమును నిర్మూలింపదు. ఏండ్లు గడచినకొలది క్రొత్త చిక్కులును తెచ్చును. అయినను అది లక్షలమందికి నడక నిచ్చినది. కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమానము పొందెను.

ఇందు మఱియొక వింత కలదు. డోపమైన్‌వలె పనిచేయు కొన్ని మందులు పుచ్చుకొను రోగులలో కొందఱకు, పూర్వమెన్నడును లేని జూదపు వ్యసనము పట్టుకొనును. మందు తగ్గించినచో పెక్కుమందికి ఆ కోరిక అణగును. నడకయే కాదు, కోరికయు ఈ ద్రవ్యముల పాలులో నున్నదని దీనివలన తెలియుచున్నది.

అట్లని మనుజుడు కేవలము రసాయనముల చేతి బొమ్మ యని తలంపరాదు. ఒక ద్రవ్యము తగ్గుటవలననే దిగులు కలుగునని చెప్పుటయు సరికాదు. మనోవ్యాధుల కారణములు పెక్కు. నిద్ర, ఆహారము, వ్యాయామము, అభ్యాసము, ఆప్తుల ఆదరణ ఇవన్నియు మెదడును మార్చుచునే యుండును. త్రాటిని చూచి భయపడిన రైతు రెండవసారి దీపము తీసికొని బయలుదేరును. అది నేర్చిన మెదడు చేసిన పని.

కావున నెలలతరబడి దిగులుతో క్రుంగినవానిని సోమరి యనియు, మతి చలించినవానిని పాపి యనియు నిందించుట తగదు. జ్వరపీడితుని "జ్వరము మానుకొమ్మ"ని ఎవరును గద్దింపరు గదా! అట్టివారిని ఆదరించి వైద్యునికడకు తోడుకొని పోవుటయే తెలిసినవారి ధర్మము.