మోటారు సైకిలు బ్రేకులు: ముందు ప్యాడు, వెనుక ప్యాడు

నిర్మల్ దాటి ఆదిలాబాదు వైపు పోవు పాత రహదారిపై మహబూబ్ ఘాట్ కలదు. అడవి నడుమ వంపులు తిరుగుచు దిగు ఆ దారిలో, పెట్రోలు మిగులునని ఇంజను ఆపి, గేరు తీసి, వెనుక బ్రేకుపై కాలు మోపి దిగువారు కలరు. అడిగినచో “ముందు బ్రేకు పట్టితే బండి పల్టీ కొట్టును” అందురు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము.

కొంచెము లెక్క వేసి చూతము. బండి, ఇద్దరు మనుషులు కలిసి 250 కిలోలు అనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున దానిలోని గతిజశక్తి సుమారు 35 వేల జౌళ్ళు. బ్రేకు పట్టినపుడు ఇది వేడిగా మారును. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగునపుడు వేగము పెరుగకుండ ఆపవలసిన శక్తి 2 లక్షల 45 వేల జౌళ్ళు. అనగా ఆ వేగము నుండి ఏడుమార్లు ఆగినంత వేడి. ఇంజను సాయము లేక, ఈ భారమంతయు వెనుక బ్రేకు ఒక్కటే మోసినచో అది మితిమీరి వేడెక్కి పట్టు వదలును. పెడలు ఎంత తొక్కినను ఫలము తక్కువ.

బ్రేకు పట్టిన క్షణమున బరువు ముందుకు ఒరగును. ముందు చక్రము నేలను గట్టిగా అదుమును. వెనుక చక్రము తేలికపడి జారును. కావున బండిని ఆపు పనిలో అధిక భాగము ముందు బ్రేకుదే. మలుపులోనో ఇసుకపైననో లీవరును ఒక్కసారిగా బిగించుటవలన పడినవారు నింద బ్రేకుపై వేయుదురు. బండి నిటారుగా నున్నపుడు రెండు బ్రేకులను కలిపి, మెల్లగా మొదలిడి, బలము పెంచుచు పట్టవలెను. ఘాటు దిగునపుడు చిన్న గేరులో ఇంజనే కొంత పని చేసిపెట్టును.

ఇక ప్యాడుల మాట. ముందు, వెనుక ప్యాడుల ఆకారములు సాధారణముగా వేరు. బండి నమూనా, పార్టు నంబరు చూచి కొనవలెను. పెక్కు బండ్లకు వెనుక డిస్కు ఉండదు, డ్రమ్ములో షూలుండును. వాని అరుగుదలను డ్రమ్ముపై బాణపు గుర్తు తెలుపును. ఆ గుర్తు హద్దు చేరిన పిమ్మట నట్టు బిగించి పంపు మెకానిక్కు మనకు మేలు చేయుట లేదు.

రెసినుతో చేసిన ఆర్గానిక్ ప్యాడు మెత్తనిది. చల్లగా నున్నపుడును పట్టును, డిస్కును తక్కువ అరగదీయును, కాని తాను త్వరగా అరుగును. లోహపు పొడిని వేడిచేసి అదిమిన సింటర్డ్ ప్యాడు వేడికి, వానకు ఓర్చును. డిస్కును ఎక్కువగా తినును. ఊరిలో తిరుగువారికి కంపెనీ అమర్చిన రకమే చాలునని మా అభిప్రాయము. బరువుతో తరచు ఘాటు దిగువారు సింటర్డ్ కోరవచ్చును, అది ఆ డిస్కుకు తగునని బండి పుస్తకములో ఉన్నచో మాత్రమే.

కరీంనగర్ గ్రానైటు క్వారీల దారిలో తిరుగు బండ్లకు మరొక బాధ. గ్రానైటు పొడిలోని క్వార్ట్జు రేణువులు ప్యాడులో గ్రుచ్చుకొని డిస్కుపై గీతలు పెట్టును. అట్టి బండ్ల ప్యాడులను తరచుగా చూడవలెను. అరుగుదల గాడి కనుమరుగైనను, మందము ఒక మిల్లీమీటరుకు దిగినను, రెండు ప్యాడులను కలిపి మార్చవలెను. డిస్కు కనీస మందము సాధారణముగా దానిపైననే చెక్కబడి యుండును.

మార్చునపుడు క్యాలిపరు విప్పి, పిస్టనును మెల్లగా లోనికి నెట్టవలెను. అపుడు పైనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు పెరుగును; పొర్లి రంగుపై పడినచో రంగు లేచిపోవును. పాత పొడిని నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. పూర్వపు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆయిలు తగిలిన ప్యాడును కాల్చి, గీకి మరల వాడరాదు.

బిగించిన పిమ్మట లీవరు గట్టిపడువరకు పలుమార్లు నొక్కిన తరువాతనే బండిని కదల్పవలెను. మరచినచో మొదటి నొక్కునకు బ్రేకు ఉండదు. తొలి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా బ్రేకు పట్టుచు నడిపినచో కొత్త ప్యాడు డిస్కునకు ఒదుగును. ఘాటు ప్రయాణమును అంతవరకు వాయిదా వేయుట మంచిది.