ఫిట్ అయితే చాలా?

ప్ర: నాకు 27 ఏండ్లు. కుప్పం దగ్గర పల్లె. బెంగుళూరులో సెంట్రింగ్ పని. పదిహేను రోజులకోసారి రైల్లో ఇంటికొస్తాను. నెలగా ఒకటే నీరసం. రెండు నెలల కింద ఒకసారి తప్పు చేసినాను. బలానికి ఏ టానిక్ మంచిది? సెలైన్ ఎక్కిస్తే సరిపోతుందని ఆర్‌ఎంపీ అంటున్నాడు.
— పేరు వద్దు, కుప్పం

జ: నాయనా, టానిక్ కోసం ఉత్తరం రాసేవాడు ఆ తప్పు సంగతి రాయడు. నువ్వు అడగాలనుకున్నది అదే, చేతులు రాక టానిక్ అడిగావు. సెలైన్ అంటే ఉప్పునీళ్లు. డబ్బులు దండగ.

కుప్పం ప్రభుత్వాసుపత్రికి పోయి ఐసీటీసీ ఎక్కడని అడుగు. హెచ్‌ఐవీ పరీక్ష అక్కడ ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, ఫలితం వచ్చాక మళ్లీ మాట్లాడతారు. మీ ఊళ్లో మొహం చెల్లదనుకుంటే బెంగుళూరు ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేస్తారు. రెండు నెలలయింది కాబట్టి ఇప్పుడు చేయించుకో, మూడు నెలలు నిండాక ఇంకోసారి. అంతవరకూ ఇంట్లో కండోమ్ తప్పనిసరి. ఇలాంటిది జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రికి వస్తే 28 రోజుల మాత్రలతో అడ్డుకునే వీలుంది. నీకు ఆ గడువు దాటింది, ఇది చదివే నీ మేస్త్రీకో, పక్క గదివాడికో పనికిరావచ్చు.

ఇంకొకటి. పొద్దున టీ, బన్ను తిని మూడో అంతస్తుకి బరువులు మోసేవాడు నీరసపడటానికి హెచ్‌ఐవీయే అక్కర్లేదు. రక్తం శాతం, షుగరు కూడా చూడమను. దగ్గుంటే తెమడ పరీక్ష కూడా.

ప్ర: దోమకాటుతో హెచ్‌ఐవీ వస్తుందా?
— కాలేజీ విద్యార్థి, మదనపల్లె

జ: రాదు. డెంగీ వస్తుంది. హాస్టల్ వెనక తొట్టిలో నీళ్లు పారబోయించు.

ప్ర: మా అబ్బాయికి కువైట్ డ్రైవర్ వీసా వచ్చింది. మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారు, ఎందుకో చెప్పలేదు. డబ్బు కడితే ఇంకో సెంటర్లో ఫిట్ చేయిస్తానని ఏజెంటు అంటున్నాడు. పది రోజులు నిమ్మరసంలో పసుపు కలిపి తాగితే ఎక్స్‌రే శుభ్రంగా వస్తుందని యూట్యూబ్‌లో చూశాం. ఇవ్వవచ్చా?
— ఒక తండ్రి, మదనపల్లె

జ: ఇవ్వవద్దు. అబ్బాయికి నిమ్మరసమూ వద్దు, ఏజెంటుకి డబ్బూ వద్దు.

అయ్యా, రెండు పేజీల ఉత్తరంలో వీసా గడువు రాశారు, టికెట్ ధర రాశారు, అప్పు మీద వడ్డీ రాశారు. వాడికి దగ్గుందా, సాయంత్రాలు జ్వరమొస్తోందా, బరువు తగ్గాడా అన్నది ఒక్క ముక్క రాయలేదు. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ వంటివి చూస్తారు. ఆ పరీక్ష మీవాడి మేలుకి పెట్టింది కాదు, పనిలో పెట్టుకునేవాడి కోసం పెట్టింది. అందుకే ఒక్క మాటతో తేల్చేస్తారు. మిగతాది కనుక్కోవలసింది మీరు. మీరేమో ఆ మాటను ఎలా చెరపాలా అని చూస్తున్నారు.

నిమ్మరసం కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు. ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినా మచ్చ ఎక్స్‌రేలో జీవితాంతం ఉండిపోవచ్చు. అది పాత మచ్చా, ఇప్పుడు ముదురుతున్న జబ్బా అన్నది ఎక్స్‌రే ఒక్కటే చెప్పలేదు, తెమడ చూడాలి. 1915లో ఆరోగ్యవరం శానిటోరియం తెరిచిన ఊరండీ మనది. మందులే లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి ఉంటే చాలునని ఎక్కడెక్కడి క్షయ రోగులో ఇక్కడికి వచ్చిపడేవారు. ఈనాడు మామూలు క్షయ ఆరు నెలల ఉచిత మందులతో నయమవుతుంటే, ఆ ఊళ్లోనే కూర్చుని మనం యూట్యూబ్‌లో వెతుకుతున్నాం!

క్షయ తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. అవమానించడానికి కాదు, ఆ రెండూ తరచు జంటగా ఉంటాయి కనక. ఒకవేళ హెచ్‌ఐవీయే అయినా కొంప మునగదు. పూర్వం రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు పడిపోయేదాకా ఆగేవారు. 2017 నుంచి మన దేశంలో జబ్బు తేలగానే వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులు మొదలుపెడుతున్నారు, అవీ ఉచితమే. మానకుండా మింగి, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, సంసారంలో రెండోవారికి అంటదు.

ఏజెంటు మాట నమ్మి దొంగ కాగితంతో పంపారే అనుకుందాం. అకామా, అంటే నివాస అనుమతి, ఇచ్చేముందు కువైట్‌లో మళ్లీ పరీక్ష చేస్తారు. హెచ్‌ఐవీ తేలితే తిరుగు విమానమే. అప్పు అలాగే ఉంటుంది, జబ్బు ఇంకాస్త ముదిరి ఉంటుంది.

మొదట ఆ సెంటరుకే పోయి రిపోర్టు అడగండి. అది తీసుకుని ప్రభుత్వాసుపత్రికి రండి. అబ్బాయి వెంట మీరు వెళ్లండి, కాని ఫలితం చెప్పే గదిలోకి వాడే పిలిస్తే తప్ప వెళ్లకండి. వాడు పెద్దవాడు.

ప్ర: మా ఆయన నాలుగేళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చే నెల వస్తున్నారు. ఆయన మంచివారే. పిల్లల కోసం చూస్తున్నాం. ఈలోగా నాకు రక్తం పట్టడానికి ఏం తినాలి? ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఆమె మా వీధిలోనే ఉంటుంది.
— ఓ సోదరి, పుంగనూరు

జ: తల్లీ, రాగిసంగటి, ఆకుకూర, పల్లీలు మీ ఇంట్లో ఉండేవే, తినండి. మీ బెంగ తిండి గురించి కాదు. ఆయన మంచివారా అని నేనడగలేదు, మీరే చెప్పారు. పరీక్ష చేయించుకోవాలంటే ఎవరినీ చెడ్డవాళ్లను చేయక్కర్లేదు. “బిడ్డ కోసం అనుకుంటున్నాం కదా, ఇద్దరం షుగరు, బీపీ, హెచ్‌ఐవీ అన్నీ చూపించుకుందాం” అనండి. హెచ్‌ఐవీ పేరు మింగేయకండి, మామూలు గొంతుతో అనండి. ఆయన కాదంటే మీరొక్కరే చేయించుకోండి. మీకు లేదంటే ఆయనకీ లేదని కాదు. అందుకే ఆయనదీ తేలేదాకా కండోమ్ ఉండాలి.

ఆ వీధి ఆవిడ సంగతి. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం మరుసటి ఏడాది సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుదల లేకుండా ఫలితం బయటపెట్టడం చట్టవిరుద్ధం. చట్టం వీధి నోళ్లు మూయించదని నాకూ తెలుసు. అందుకే బస్సెక్కి మదనపల్లె వెళ్లండి, అక్కడ మిమ్మల్ని ఎవరూ పలకరించరు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చేయండి, ఉచితం. ఒకవేళ మీకు ఉందని తేలినా, గర్భంలో మందులు వాడితే బిడ్డకు సోకకుండా దాదాపు ప్రతిసారీ ఆపగలం. ముందే తెలియడం మంచిదనేది అందుకే, అమ్మా. భయపడకండి.

ప్ర: మా అమ్మాయికి కువైట్ సంబంధం కుదిరింది. అబ్బాయికి తెలియకుండా, తెలిసిన ల్యాబులో షుగరుతో పాటు ఆ పరీక్ష కూడా చేయించవచ్చా? అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది.
— చౌడేపల్లె

జ: చేయించకూడదు. చట్టం ఒప్పదు. ఒప్పినా నేనొప్పను. కాబోయే అల్లుడి రక్తం దొంగతనంగా చూసి, రేపు ఆయన కాళ్లు కడుగుతారా? అయినా ఒక్క అబ్బాయికే ఎందుకు? ఊరుదాటి ఒంటరిగా బతికింది ఆయనొక్కడేనా? ఇద్దరినీ కూర్చోబెట్టి అడగండి, ఇద్దరికీ ఒకే రోజు చేయించండి. అబ్బాయికి కోపమొస్తే ఆ కోపమెందుకో మీ అమ్మాయిని కనుక్కోమనండి. పెళ్లి చేసుకునేది ఆమె.

ప్ర: పన్నెండేండ్లు కువైట్‌లో వంటపని చేసి వచ్చేశాను. వయసు 48. మెడికల్‌లో ఎప్పుడూ ఫిట్టే. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. షుగరు చూపించుకోవాలా?
— రామసముద్రం

జ: చూపించుకోవాలి. రేపే, పరగడుపున. బీపీ కూడా.