మెడలో గ్రంథి – ఎదలో గ్రంథి

రాజోలి తుంగభద్ర ఒడ్డున ఉంది. ఊళ్ళో మగ్గాలు చాలా ఉన్నాయి. మగ్గం మీద పడుగు సరైన బిగువులో ఉండాలి. బిగువు ఎక్కువైతే పోగు తెగుతుంది. తక్కువైతే నేత వదులవుతుంది.

మన ఒంట్లో కూడా ఇలాంటి బిగువు ఉంది. దాన్ని సరిచూసేవి హార్మోన్లు. అవి గ్రంథుల్లో తయారై రక్తంలో కలుస్తాయి.

ఒక నేత అక్క కథ చదువుదాం.

ఆ అక్క బాగానే తింటోంది. అయినా చిక్కిపోతోంది. గుండె దడదడ కొట్టుకుంటోంది. చలికాలంలో కూడా చెమటలు పడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. తెగిన పోగు అతకబోతే వేళ్ళు నిలవడం లేదు.

"దిష్టి తగిలింది" అంది అత్త.

"దిష్టి కాదు పెద్దమ్మా. ఆసుపత్రికి పోదాం పా అక్కా" అంది ఆశా చెల్లెలు.

డాక్టరమ్మ అక్క మెడ తడిమి చూసింది. రక్త పరీక్ష రాసింది. "థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందమ్మా" అని చెప్పింది. ఆయాసం కూడా ఉందని ఛాతీకి స్కానింగ్ తీయించింది. రొమ్ము ఎముక వెనక వాపు కనిపించింది.

అత్త ఏడుపు మొదలుపెట్టింది. "క్యాన్సర్ గడ్డేమో! కోసి తీసెయ్యండమ్మా!"

"భయపడకు పెద్దమ్మా. అది థైమస్ గ్రంథి. ఏమిటో చెబుతాను, విను" అంది డాక్టరమ్మ.

థైరాయిడ్ అంటే ఏమిటి?

ఇది గొంతు ముందు, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. బడి పుస్తకాల్లో దీన్ని అవటు గ్రంథి అంటారు. తిన్న తిండిని ఒళ్ళు ఎంత వేగంగా ఖర్చు చేయాలో దీని హార్మోను చెబుతుంది.

థైమస్ అంటే ఏమిటి?

ఇది గుండెకు కాస్త పైన, రొమ్ము ఎముక వెనక ఉంటుంది. దీన్ని బాలగ్రంథి అంటారు. పిల్లల్లో పెద్దగా ఉంటుంది. ఈడు వచ్చాక మెల్లగా చిక్కిపోతుంది.

ఇది కూడా ఒక బడే. రక్తంలోని కొన్ని కాపలా కణాలు ఇక్కడే చదువు నేర్చుకుంటాయి. ఎవరు మనవాళ్ళు, ఎవరు శత్రువులు అని తెలుసుకుంటాయి. వాటిని టి కణాలు అంటారు. ఈ గ్రంథి పని ఏమిటో 1961 దాకా ఎవరికీ సరిగా తెలియదు. ఆ ఏడు జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకపిల్లల మీద పరీక్షలు చేసి కనిపెట్టాడు.

థైమస్ ఎందుకు ఉబ్బింది?

కాపలా వ్యవస్థ ఒక్కోసారి దారి తప్పుతుంది. థైరాయిడ్‌ను రెచ్చగొడుతుంది. దీన్ని గ్రేవ్స్ జబ్బు అంటారు. అప్పుడు థైరాయిడ్ హార్మోను మితిమీరుతుంది. ఈ జబ్బులో కొందరికి థైమస్ కూడా పెరుగుతుంది. థైరాయిడ్‌కు మందు వాడితే, కొన్ని నెలల్లో థైమస్ చాలావరకు తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టర్లు ఇంకా పరీక్షలు చేస్తారు.

ఆకలి, పెద్ద జబ్బు ఉంటే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అప్పుడు థైమస్ చిక్కిపోతుంది.

ఒక పాత తప్పు

పూర్వం డాక్టర్లు శవాలను కోసి శరీరాన్ని చదివేవారు. అవి ఎక్కువగా బీదల శవాలు. ఆకలితో, జబ్బులతో వాళ్ళ థైమస్ చిక్కిపోయి ఉండేది. డాక్టర్లు అదే సరైన కొలత అనుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల థైమస్ చూసి "వాచింది" అన్నారు. 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో వేలమంది పిల్లలకు కిరణాలతో వైద్యం చేశారు. పెద్దయ్యాక వాళ్ళలో కొందరికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

కనుక వాపు కనిపించగానే కోయమని తొందరపెట్టకూడదు. మూలం ఎక్కడుందో వెతకాలి.

మన అక్క ఇప్పుడు మాత్రలు వాడుతోంది. ఏ రోజు వేసుకుందో నోటుబుక్కులో తనే రాసుకుంటోంది. ఆరు నెలలకు మళ్ళీ స్కానింగ్ తీశారు. వాపు తగ్గింది. చేతుల వణుకు కూడా పోయింది.

గుర్తు పెట్టుకోండి

1. తింటున్నా చిక్కిపోవడం, గుండె దడ, చేతి వణుకు, ముట్టు తప్పడం ఉంటే రక్త పరీక్ష చేయించుకోవాలి.
2. ఒళ్ళు తేలికపడిందని మాత్రలు మీరే ఆపొద్దు.
3. ఈ మాత్రలు వాడేటప్పుడు జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, వెంటనే డాక్టరుకు చూపించాలి.
4. కడుపుతో ఉంటే ముందే చెప్పాలి.
5. డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ మాత్రలు, సూదులు తీసుకోవద్దు. అవి కాపలా కణాల బలం తగ్గిస్తాయి. చాలా రోజులుగా వాడేవాళ్ళు ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరును అడగాలి.

చదివి చెప్పండి

1. థైమస్ ఎక్కడ ఉంటుంది? అది ఏం నేర్పుతుంది?
2. అక్క వాపు కోయకుండానే ఎలా తగ్గింది?
3. మీ వీధిలో ఇలాంటి లక్షణాలు ఎవరికైనా ఉన్నాయా? వాళ్ళకు ఈ పాఠం చదివి వినిపించండి.